స్వరూప గోలీల డబ్బా

రోజూ పొద్దున ఏడు దాటగానే మా ఎదురింటి అనసూయ తన వంటింటి గట్టు దగ్గర నిలబడి గోలీల షీటును బొటనవేలితో నొక్కుతుంది. వెండిరేకు చిటుక్కున చిట్లుతుంది. ఆ గోలీ నాది. నా బీపీ గోలీలు ఆమె ఇంట్లో ఉంటాయి, ఆమె షుగరు గోలీలు మా ఇంట్లో ఉంటాయి. కామారెడ్డిలో మా గల్లీవాళ్లకు ఇదొక వింత. “ఇంత చదువుకున్నవ్, నీ గోలీ నువ్వేసుకోలేవా?” అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. వేసుకోగలను. వేసుకోనని కూడా నాకు తెలుసు. ఈ రెంటికీ ఉన్న తేడా చూపించిన మనిషి ఎల్లారెడ్డి మల్లేశం సార్. ఆ రేకు చప్పుడు విన్నప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు, వెంటనే కోపం కూడా వస్తుంది. ఆయన మీదో, నా మీదో తెలియదు.

మొన్న ఎల్లారెడ్డిలో ఆయన సంస్మరణ సభ పెట్టారు. ఆయన చాలా ఏళ్లు టీబీ సూపర్‌వైజరుగా పనిచేశాడు. రోగులు ఆరునెలల మందులూ మానకుండా వాడేలా చూడటం ఆయన ఉద్యోగం. మైకు ముందుకొచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట. మల్లేశం సార్ ప్రేమమూర్తి, ఓర్పుకు మారుపేరు, రోగి ఏదడిగినా కాదనని మనిషి, ఆ మంచితనానికి కరిగిపోయి జనం మందులు వాడారు. నేను మూడో వరుసలో కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. ఆయన ప్రేమమూర్తి కాదు. ఓర్పు ఆయన దరిదాపుల్లోకి వచ్చినట్టు నేనెన్నడూ చూడలేదు. ఇక ‘కాదనని మనిషి’ అన్నది పచ్చి అబద్ధం. ఒక రోగి తన మందులు తనకిమ్మని అడిగితే మూడుసార్లు కాదన్నాడాయన. సరేనన్నది నేను. ఆ రెండింట్లో ఏది మంచితనమో ఇప్పటికీ నాకు తేలలేదు.

కరోనాకు ముందు మాట. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివి, ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, ప్రిన్సిపాల్‌తో గొడవపడి మానేసి ఇంట్లో కూర్చున్న రోజులవి. హైదరాబాదు నుంచి ఒక పరిశోధన బృందం మా జిల్లాకు వచ్చింది. టీబీ రోగుల్లో ఎవరు చివరిదాకా మందులు వాడతారు, ఎవరు మధ్యలో మానేస్తారు, ఎందుకు మానేస్తారు? దాన్ని లెక్కగట్టే మోడల్ ఒకటి వాళ్లు తయారుచేస్తున్నారు. వయసు, చదువు, తాగుడు, ఆసుపత్రికి దూరం, ఇంట్లోవాళ్ల సహకారం, ఇలా నలభై ప్రశ్నల ఫారం. ఊరూరా తిరిగి దాన్ని నింపడం నా పని. జవాబులన్నీ కంప్యూటర్‌కెక్కిస్తే ఒక్కో రోగికి సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకె వస్తుంది. ఒకటికి ఎంత దగ్గరైతే మానేసే ప్రమాదం అంత ఎక్కువ. ముందే తెలిస్తే ముందే పట్టుకోవచ్చు. నాకది అద్భుతంగా తోచింది. ఇప్పటికీ చెడ్డ ఆలోచన అననులెండి.

ఎల్లారెడ్డి వైపు ఊళ్లు చూపించడానికి నాకు మల్లేశం సార్‌ను అప్పగించారు. ఆసుపత్రి వెనక గదిలో, నడి ఎండాకాలంలో, మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చున్నాడు. నా ఫారం తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టి ఒకచోట ఆగాడు. “కుటుంబ సహకారం. పూర్తిగా, కొంతవరకు, అసలు లేదు. మీ ఆయన నీకెంత సహకారమిస్తడమ్మా? ఏడ టిక్కు పెడ్తవ్?”

“నాకు టీబీ లేదు సార్.”

“లేకపోతె ఏమాయె, మొగడున్నడు గదా.”

“పొద్దుగాల చాయ్ పెట్టిచ్చిననాడు పూర్తిగా. పెట్టనినాడు అసలు లేదు. రోజుకో తీరు.”

“మరి గదే! రోజుకో తీరున్నదానికి ఒక్క టిక్కు ఎట్ల పెడ్తవ్?”

“సగటు తీస్తం సార్.”

“సగటు మొగడా!” అని ఆయన బల్ల చరిచి నవ్వాడు. ఆ రోజు నుంచి నేను ఆయనకు లెక్కల మేడం.

ముందు ఆయన పాత మోపెడ్, వెనక నా స్కూటీ. మహమ్మద్‌నగర్ వైపు పోయే దారిలో ఒక ఊరు. పేరు రాయను, వాళ్లంతా ఇంకా అక్కడే ఉన్నారు. అక్కడ గంగారాం అనే రోగి ఉండేవాడు. దుబాయ్‌లో కట్టుబడి పనిచేసి, దగ్గుతో తిరిగొచ్చాడు. భార్య పుట్టింటికి పోయింది. పొద్దున లేస్తే కల్లు. మల్లేశం సార్ అతని ఇంట్లోకి కూడా పోలేదు. గల్లీలో మోపెడ్ ఆపి అక్కడినుంచే అరిచాడు. “ఏం రా గంగారాం, ఒంటికి ఎర్రగ పోతున్నవా లేదా?” ఆ మందు వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది, రాకపోతే వేసుకోవడం లేదని అర్థం.

గంగారాం తువ్వాలతో నోరు మూసుకుని బయటికొచ్చాడు. “పోతున్న సార్. గల్లంత ఇనవడాల్నా?”

“ఇననీ. సస్తె గల్లంత ఒస్తది గదా సూడనీకి. ఇప్పుడింటె ఏమైతది? మానితె మాను, నాకేంది? రిజిస్టర్ల గీత కొడ్త, చాయ్ తాగుత. పురుగు మాత్రం గీత కొడితె పోదు.”

ఇదీ ఆయన ఓర్పు. సభలో ఎవరైనా ఈ మాట చెబుతారేమోనని చూశాను. చెప్పలేదు.

అదే గల్లీలో మూడిళ్ల అవతల స్వరూప. ఆమె కూడా టీబీ రోగే. పదో తరగతి చదివింది. భర్త ట్రాక్టరు నడుపుతాడు, అత్త ఇంట్లోనే ఉంటుంది, ఆరోగ్య కేంద్రం ఇంటి పక్కనే. చాట ఒళ్లో పెట్టుకుని ఆకులో తంబాకు పోసి బీడీలు చుడుతూనే నా నలభై ప్రశ్నలకూ తడుముకోకుండా జవాబు చెప్పింది. చేతులు మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. ‘మందులు ఇంట్లోనే ఉన్నాయా’ అన్న ప్రశ్న దగ్గర గూట్లో ఉన్న డబ్బా చూపించింది. గంగారాం కూడా అలాగే తన గూట్లో డబ్బా చూపించాడు. చూశాను, టిక్కు పెట్టాను, వచ్చేశాను.

కొన్నాళ్లకు హైదరాబాదు నుంచి మొదటి జాబితా వచ్చింది. గంగారాం అంకె ఒకటికి ఆనుకుని ఉంది. స్వరూపది సున్నా పక్కన. జాబితా తీసుకుని గర్వంగా ఎల్లారెడ్డి పోయాను.

“గంగారాం మానేస్తడా? ఎందుకు?” అన్నాడు సార్.

“తాగుతడు, ఒక్కడే ఉంటడు, సదువు లేదు.”

“స్వరూప మాననే మానది?”

“మానది.”

“మంచిది,” అని ఆయన జాబితాను మడిచి చాయ్ గ్లాసు కింద పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

అయితే నెలలు గడిచేకొద్దీ చిత్రం జరిగింది. జిల్లాలో తక్కిన చోట్ల మోడల్ దాదాపు చెప్పినట్టే నడిచింది. మల్లేశం సార్ ఊళ్లలో మాత్రం మానెయ్యాల్సినవాళ్లు మానలేదు. తాగేవాళ్లు, ఒంటరివాళ్లు, దూరాభారంవాళ్లు, అందరూ వాడుతున్నారు. హైదరాబాదు నుంచి ఫోను. “మీ ఫారాల్లో ఎక్కడో తప్పుంది మేడం, మళ్లీ చూడండి.” తప్పు నాదంటే ఊరుకునే రకం కాదు నేను. ఫారాలన్నీ సంచిలో వేసుకుని మళ్లీ ఊళ్లమీద పడ్డాను.

గంగారాం ఇంట్లో ఈసారి డబ్బాను గూట్లోంచి తీసి చేతిలోకి తీసుకున్నాను. మూత మీద పేరు రాసి ఉంది. స్వరూప.

“ఇది నీది గాదు గదా!”

“గాదు మేడం. ఆమెది.”

“మరి నీది?”

“ఆమె తాన ఉన్నది.”

“గిట్లెవలు పెట్టుమన్నరు?”

“సారే. ‘ఇది స్వరూప అమానతు, నీ దగ్గరుంచు’ అన్నడు. ఆమె ఏడింటికొస్తది గోలీలకు. అప్పటికే నేను తాగి పండుకుంటె ఆమెకెవలిస్తరు? నావి ఆమె దగ్గరున్నయి, ఆమె పోంగ నేను గూడ పోయి ఏసుకొనొస్త.” ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూశాడు.

అమానతు అంటే నమ్మి అప్పగించిన వస్తువు. మా వైపు మనిషి తన సొంత వస్తువు పోగొట్టుకుంటే జనం నవ్వి ఊరుకుంటారు, అమానతు పోగొడితే ఆ ఇంటి గడప తొక్కరు. మల్లేశం సార్ తన ఊళ్లలో రోగులను జతలు జతలుగా చేసి, ఒకరి గోలీలు ఒకరింట్లో అమానతు పెట్టాడు. నేనేమో ప్రతి ఇంట్లోనూ డబ్బా ఉందా అని చూశాను, డబ్బా మీద పేరు చదవలేదు. గూట్లో డబ్బా కనబడితే అది ఆ ఇంటివాళ్లదే అనుకున్నాను. ఫారాల్లో తప్పు నాదే. మహా కోపమొచ్చింది.

నేరుగా ఎల్లారెడ్డి పోయి ఆయన మీద విరుచుకుపడ్డాను. రోగం సంగతి రహస్యంగా ఉంచాలని నియమం, మీరు ఇంకొకరింట్లో డబ్బా పెడతారా? పెళ్లైన ఆడమనిషి రోజూ పొద్దున్నే తాగుబోతు ఇంటికి పోవాలా? డబ్బా పోతే ఎవరు జవాబు? ఏ రూల్లో ఉంది ఇది?

“రూల్ల లేదు,” అన్నాడు.

“మరి నాకెందుకు జెప్పలే?”

“నువ్వడగలే. డబ్బా ఉన్నదా అన్నవ్. ఉన్నదన్నరు.” క్యాప్ సర్దుకున్నాడు. “లెక్కల మేడం, మనిషికి సొంత పాణం మీద ఆశ ఉంటదనుకుంటున్నవ్ నువ్వు. రెండు నెలలకు దగ్గు తగ్గుతది, బువ్వ సయిస్తది. ఇగ ఆశేడిది? నాకైనా ఉండది. పరాయోళ్ల వస్తువంటె ఏడ పోతదో అని బుగులుంటది. ఆ బుగులుతోని లేస్తరు.”

“ఇది మోసం సార్.”

“ఔ,” అన్నాడు, తొణక్కుండా.

“నేను రిపోర్టుల రాస్త.”

“రాయి. ఏ గడిల రాస్తవ్?”

రాత్రి ఫారం తీసి చూసుకున్నాను. మందులు ఎవరి దగ్గర ఉంటాయి? తన దగ్గర, కుటుంబం దగ్గర, ఆరోగ్య కార్యకర్త దగ్గర, ఇతరములు. ఆ మనిషి ఏళ్లతరబడి చేసిన పనంతా ‘ఇతరములు’ అన్న గడిలోకి పోయింది.

ఆ తర్వాతి వారం స్వరూప నన్ను ఆపింది. చాట పక్కన పెట్టి మరీ మాట్లాడింది. ఆమె చేతులు ఊరికే ఉండగా చూడటం అదే మొదటిసారి. “మేడం, నా గోలీలు నాకిప్పియ్యుండ్రి. పొద్దుగాల్నే ఆ ఇంటికి పోతుంటె మా అత్త మూతి ముడుస్తుంది. పది సదివిన, మర్చిపోతనా?”

నేను ఎన్ని రోజులుగా వాదిస్తున్నానో ఆ మాటే ఆమె నోట వచ్చింది. ఆమె మందులు, ఆమె పరువు, ఆమె ఇష్టం. అడ్డుపెట్టడానికి ఎవరం మనం? మాటిచ్చాను. గంగారాం ఇంటికి పోయి డబ్బా ఇమ్మన్నాను. అతను ఇవ్వలేదు. “సారు జెప్పాలె మేడం,” అన్నాడు. ఆమే అడుగుతోందని చెబితే అప్పుడు కదిలాడు. డబ్బాను నా చేతికివ్వకుండా రెండు చేతులా పట్టుకుని నడిచి, స్వరూప గడప ముందు నిలబడి, ఆమె చేతిలోనే పెట్టాడు. “సూస్కో చెల్లె, అన్నీ ఉన్నయి,” అన్నాడు. తన డబ్బా తను తీసుకుని పోయాడు. వెనక అత్త తలుపు చాటున నిలబడి చూస్తోంది.

సాయంత్రం సార్‌కు చెప్పాను, కొట్లాటకు సిద్ధపడి. ఆయన “మాటిచ్చినవా?” అని మాత్రం అడిగాడు. “ఇచ్చిన.” “మంచిది.” అంతే.

గంగారాం ఆరునెలలూ పూర్తిచేశాడు. స్వరూప మానేసింది.

నేను అప్పుడు కామారెడ్డిలో కూర్చుని ఫారాలు దిద్దుకుంటున్నాను. దగ్గు మళ్లీ తిరగబెట్టాక ఆశ కార్యకర్త ఇల్లంతా వెతికితే బీడీ ఆకు గంప అడుగున డబ్బా దొరికింది. షీట్లు చిట్లకుండా అట్లాగే ఉన్నాయట. ఎర్రగా పోతున్నానని అందరికీ చెబుతూ వచ్చిందట. పరీక్షల్లో మామూలు మందులకు లొంగని టీబీ అని తేలింది. ఆ రోజుల్లో దానికి నెలల తరబడి సూదిమందు పొడిచేవాళ్లు. ఆమె ప్రాణం దక్కింది. ఆ సూదులకు చెవులు పోయాయి.

ముందు గంగారాం దగ్గరికి పోయాను. అమానతు సిద్ధాంతం నిజమైతే అతను కూడా మానెయ్యాలి కదా. “ఆమె డబ్బా నీ దగ్గర లేదాయె. నువ్వెందుకు మానలే?” అన్నాను.

“ఏమో మేడం. ఏడు కొట్టంగనె మెలకువొస్తుండె. లేసినంక ఏం జెయ్యాలె?” అని, మళ్లీ తనే, “ఆమె గడపకాడికి పోయి ఏసుకున్నవా చెల్లె అని రోజు అడుగుతుంటి. ముసల్ది తలుపేసింది. అడుగుడు బంజేసిన,” అన్నాడు. నా మోడల్‌కు అతను అందలేదు. సార్ సిద్ధాంతానికి కూడా అందలేదు.

తర్వాత మల్లేశం సార్ గదిలోకి పోయి నిలబడ్డాను. తిట్లు తినడానికే పోయాను. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది. “తప్పు నాదే సార్. ఆమె అడిగింది, నేనిచ్చిన.”

“నన్ను గూడ అడిగింది. మూడుసార్లు. నేనియ్యలే.”

“ఎందుకియ్యలే?”

“అడిగింది గదా, అందుకే.”

“అంటె? మానేస్తదని మీకు తెలుసా?”

“తెల్వది. అడగనోళ్లకైతె ఇచ్చేటోణ్ణి.”

“మరి నేనిచ్చినంక మల్ల ఎందుకు తీసుకోలే? ఒక్క మాట నాకెందుకు జెప్పలే?”

“నువ్వు మాటిచ్చినవ్. నీ మాట తీసేస్తె ఆ ఊర్ల నీకింక ఎవలు నోరిప్పుతరు?”

“నా మాట కోసం ఆమె పాణమా సార్?” అరిచాను. బయట బెంచీ మీది రోగులు తొంగిచూశారు.

ఆయన మంకీ క్యాప్ తీశాడు. అది లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. బట్టతల, చెవుల పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలు. నేననుకున్నదానికంటే చాలా ముసలివాడు. “గది నాకు గూడ తెల్వది బిడ్డా,” అన్నాడు. నన్ను బిడ్డా అనడం అదే మొదలు, అదే ఆఖరు.

స్వరూప రెండోసారి మందుల డబ్బాను ఆయన మళ్లీ గంగారాం ఇంట్లోనే పెట్టాడు. ఈసారి రోజూ పోయి గోలీలు తెచ్చింది ఆ అత్తే. మూతి ముడుచుకునే తెచ్చిందట. స్వరూప ఒక్కరోజు కూడా తప్పలేదు. డబ్బా గంగారాం దగ్గర ఉండటం వల్లనా? అత్త వల్లనా? చావును దగ్గరగా చూసిన భయం వల్లనా? మూడూ ఒకేసారి మారితే ఏది పనిచేసిందో చెప్పడం ఏ లెక్కకూ సాధ్యం కాదు. ఆ మాట నేనే కాలేజీలో పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పాను. మా మోడల్ పని ముగిసింది, హైదరాబాదువాళ్లు రిపోర్టు రాసుకున్నారు. ‘ఇతరములు’ గురించి అందులో ఒక వాక్యం ఉందని విన్నాను.

మొన్నటి సభలో స్వరూప వెనక వరుసలో నిలబడి ఉంది. మాటలేవీ వినబడకపోయినా చివరిదాకా ఉంది. జనం కదిలాక దగ్గరికి పోయాను. నన్ను చూడగానే గుర్తుపట్టి, చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపి, సంచిలోంచి చిన్న నోటుబుక్కూ పెన్నూ తీసి చేతికిచ్చింది. “రాయుండ్రి మేడం,” అంది, తన గొంతు తనకు వినబడని మనిషి మాట్లాడినట్టు గట్టిగా.

పెన్ను పట్టుకుని నిలబడ్డాను. ఒకప్పుడు నలభై ప్రశ్నలు గుక్కతిప్పుకోకుండా అడిగినదాన్ని. ఉన్నది ఒక్క ప్రశ్న. ఆమె నా ముఖం వంక చూస్తోంది. చివరికి ‘బాగున్నవా?’ అని రాశాను.

చదివి పకపకా నవ్వింది. “గీ మాటకు కాయితమెందుకు మేడం!”

కామారెడ్డికి తిరిగొచ్చాను. మరునాడు పొద్దున ఏడింటికి అనసూయ వంటింట్లో రేకు చిటుక్కుమంది, నీళ్ల గ్లాసు చేతిలో పెట్టింది. నా డబ్బా నాకిచ్చెయ్యమని ఎప్పుడైనా అడిగితే, ఎంత న్యాయంగా వాదించినా సరే, ఇవ్వొద్దని ఆమెకు మొదటిరోజే చెప్పి ఉంచాను. మల్లేశం సార్ నుంచి నాకు దక్కింది ఇదే. అది జ్ఞానమో, పిరికితనమో చెప్పలేను.

నోటుబుక్కులో రాయలేనిది ఇక్కడ రాస్తున్నాను. స్వరూపా, ఆనాడు చాట పక్కన పెట్టి నన్ను డబ్బా అడిగింది గోలీలు వేసుకోవడానికా, మానెయ్యడానికా? అడిగినప్పుడు నీకైనా తెలుసా?